అమ్మ వదిలి వెళ్లిన పని

పెద్దలు పోయాక పదకొండు రోజులు ఏం చేయాలో ఊరంతా చెబుతుంది. పన్నెండో రోజు నుంచి పెరట్లో పూతకొచ్చిన చిక్కుడు పాదునూ, పెట్టెలో సగం అల్లిన స్వెటర్‌నూ ఏం చేయాలో చెప్పేవాళ్లు కనబడరు. శరత్కాలపు ఇళ్ల మీద ఈ వారం ముఖచిత్ర కథనం.

పెద్దకర్మ అయిపోయింది. టెంట్ హౌస్ వాళ్లు కుర్చీలూ గుండిగలూ బండికెక్కించుకుని పోయారు. పాలకొల్లు నుంచి నరసాపురం వెళ్లే దారిలో, కాలవ గట్టు పక్కనున్న ఆ పెంకుటింట్లో ఇప్పుడు మిగిలింది అక్కా తమ్ముడూ ఇద్దరే. రాత్రికి నరసాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో తమ్ముడు హైదరాబాద్ వెళ్లిపోవాలి. ఈలోగా ఇల్లు సర్దేద్దామని ట్రంకుపెట్టె మూత ఎత్తాడు. గుప్పుమని కలరా ఉండల వాసన. పైన పట్టుచీరలు, వాటి కింద ప్లాస్టిక్ కవర్లో నీలం రంగు ఊలు, రెండు సూదులకు వేలాడుతూ పిల్లల స్వెటర్. వెనక భాగం పూర్తయింది. ముందు భాగం చంక దాకా వచ్చి ఆగిపోయింది.

“అక్కా, ఇదేం చేద్దాం? పనమ్మాయి పట్టుకెళ్తుందేమో అడగనా?”

“ముందు కింద పెట్టరా బాబూ. సూది జారిందంటే కుట్లన్నీ ఊడిపోతాయి.”

అల్లిక రాని తమ్ముడు బాంబు దించినట్టు దాన్ని మంచం మీద దించాడు. పెరట్లో, అమ్మ ఆషాఢంలో పెట్టిన చిక్కుడు పాదు పందిరంతా కమ్ముకుంది. సరిగ్గా ఈ వారమే ఊదా రంగు పూత పట్టింది. పక్కింటి పిన్ని గోడ మీంచి తొంగిచూసి, “పూతొచ్చేసిందమ్మా, పేనుబంక పట్టకుండా కాస్త బూడిద చల్లండి” అని, అంతలోనే చెంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికెళ్లిపోయింది.

లెక్కల్లో వృద్ధులు, ఇళ్లలో ఖాళీలు

ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి పైగా నడుస్తున్న చర్చ ఒకటుంది. రాష్ట్రం ముసలిదైపోతోందని, పిల్లల్ని కనాలని 2024 అక్టోబర్‌లో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు అన్నారు. తర్వాతి నెలలోనే, ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న పాత నిబంధనను శాసనసభ తీసేసింది. అంకెలు ఆ మాటకు బలమిస్తున్నాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కో మహిళకు సగటున పుడుతున్న పిల్లలు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. జనాభా తగ్గకుండా నిలవాలంటే 2.1 ఉండాలి. 2011 జనగణన నాటికే ఉమ్మడి రాష్ట్రంలో అరవై దాటినవాళ్లు 9.8 శాతం. అప్పటి దేశ సగటు 8.6.

చర్చంతా పుట్టేవాళ్ల చుట్టూనే తిరుగుతోంది. పోయేవాళ్ల సంగతి, వాళ్ల వెనక ఇంట్లో ఆగిపోయే పనుల సంగతి ఎవరూ ఎత్తరు. నలుగురు తోబుట్టువులున్న రోజుల్లో ఒకరు ఊళ్లో ఉండేవారు, ఒకరికి ఆవు, ఒకరికి పెరడు, కుట్లు అల్లికలు వచ్చిన కూతురికి పెట్టె. ఇప్పుడు ఉన్న ఇద్దరిలో ఒకరు గచ్చిబౌలిలో, ఒకరు న్యూజెర్సీలో. కర్మ తేదీ పంచాంగం చెబుతుంది కానీ, ఇల్లెప్పుడు ఖాళీ చేయాలో విమానం టికెట్ చెబుతోంది.

అందుకే పదమూడో రోజుకల్లా పెరడు కూలివాళ్లకూ, పెట్టె పాతసామాన్ల వాడికీ వెళ్లిపోతోంది. దీన్ని తప్పు పట్టడం సులువు. సెలవు దొరకని కొడుకు ఏం చేస్తాడు? అయినా, ఈ తొందర వల్ల పోయేది సామాను ఒక్కటే కాదు. దుఃఖంలో ఉన్నవాళ్లకు మాటలకంటే ముందు అక్కరకొచ్చేది చేతికి పని. ఆ పనిని పోయినావిడే వదిలి వెళ్లింది. మనం దాన్ని మూటగట్టి పారేస్తున్నాం.

పగలు తగ్గితేనే పూసేవి

చిక్కుడు పాదు కార్తీకంలో పూతకు రావడం ఏదో కాకతాళీయం కాదు. నాటు చిక్కుడుకు పగటి పొడవు లెక్క తెలుసు. గోదావరి జిల్లాల్లో జూన్ చివర్లో పగలు పదమూడు గంటలు దాటుతుంది. డిసెంబర్ నాటికి పదకొండుకు దిగుతుంది. ఆషాఢంలో గింజ పెడితే వానాకాలమంతా తీగె సాగి, ఆకు వేసి, పందిరెక్కుతుంది తప్ప పువ్వు మాట ఎత్తదు. ఆశ్వయుజం దాటి, రాత్రి పగటిని మించాకే మొగ్గ తొడుగుతుంది. చామంతిదీ ఇదే స్వభావం. కొన్ని మొక్కలు పగలు తగ్గడాన్ని బట్టి పూస్తాయని గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు 1920లో పొగాకు, సోయా మొక్కల మీద చూపించారు. మన అమ్మమ్మలు అది చదవలేదు. ఆషాఢంలో పెట్టాలి, కార్తీకానికి కాస్తుంది అన్నంత మటుకు వాళ్లకు చాలు.

అంటే ఈ పాదు పెట్టినవాళ్లకు మధ్యలో నాలుగు నెలల ఎదురుచూపు తప్పదు. డెబ్భై అయిదేళ్ల మనిషికి నాలుగు నెలలు చిన్న సంగతి కాదు. వర్షాకాలం జ్వరాలు దాటాలి, తడి గచ్చు మీద జారకుండా ఉండాలి. ఆ తర్వాత వచ్చేది తుపాన్ల కాలం. 1977 నవంబర్ 19న దివిసీమను, 1996 నవంబర్ 6న కోనసీమను ముంచినవి శరత్కాలపు తుపాన్లే. పందిరి గుంజలు కార్తీకంలోగా ఒకసారి గట్టిగా కట్టుకోవాలని ఆ పల్లెల్లో ఎవరినడిగినా చెబుతారు.

పూత నిలిచాక చిక్కుడుకు ఓ ధోరణి ఉంది. లేత కాయ కోస్తూ ఉంటే మళ్లీ మళ్లీ పూస్తుంది. కోయకుండా వదిలేస్తే కాయలు ముదిరి, పాదు తన బలమంతా గింజకు పోసి పూత తగ్గించేస్తుంది. అంటే ఇంట్లో మనిషి పోయారని పందిరి కిందకు వెళ్లడం మానేస్తే పాదు కూడా త్వరగానే అయిపోతుంది. రెండు రోజులకోసారి బుట్ట పట్టుకుని వెళ్లక తప్పదు. తల్లిపోయిన కూతుళ్లు ఏడ్చేది ఎక్కువగా అక్కడే. ఫొటోకు దండ వేసేటప్పుడు చుట్టూ జనం ఉంటారు. పందిరి కింద ఎవరూ ఉండరు, చేతులు మాత్రం ఆగవు.

నగరాల్లో పెరడు మేడెక్కింది. కథా రచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి వంటివాళ్ల పుణ్యమా అని ‘మిద్దెతోట’ అన్న మాట తెలుగిళ్లలో స్థిరపడింది. రిటైరైన తండ్రి ముప్పై కుండీలు పెంచి వెళ్లిపోతే, కొడుకు పొద్దునా సాయంత్రమూ బకెట్లు మోస్తాడు. శరత్తులో ఎండ మెత్తబడుతుంది, కుండీలో తడి తొందరగా ఆరదు. తోటపని తెలిసినవాళ్లు చెప్పేదేమిటంటే, పోయినవారి కుండీలు ఎండి చచ్చేవి తక్కువ, వేళ్లు కుళ్లి చచ్చేవే ఎక్కువ. ప్రేమకొద్దీ నీళ్లు పోసేస్తారు. వేలు మట్టిలోకి రెండు కణుపుల దాకా దింపి, తడి తగలకపోతేనే పోయాలి.

పెద్దకర్మకొచ్చినవాళ్లకు కడియం నర్సరీల నుంచి మొక్కలు తెప్పించి పంచే కుటుంబాలు ఈమధ్య కనిపిస్తున్నాయి. మంచిదే. కానీ వందమందికి మొక్కలు పంచి, అదే వారంలో అమ్మ నాటిన మందారాన్ని పార్కింగ్ కోసం కొట్టించిన ఇంటిని ఏమనాలి?

బాక్స్: పోయినవారికి శరత్తులో చోటు

భాద్రపద బహుళ పక్షం పితృదేవతలది. దాని చివరి రోజును తెలంగాణలో పెత్రమాస అంటారు. పొద్దున పెద్దల పేరు చెప్పి బియ్యం ఇస్తారు. అదే సాయంత్రం గునుగు, తంగేడు, బంతి, గుమ్మడి పూలు పేర్చి ఎంగిలిపూల బతుకమ్మ ఆడతారు. ఒకే రోజు పోయినవాళ్లకూ పూలకూ.

కరీంనగర్ కార్ఖానగడ్డ శ్మశానవాటికలో కొన్ని దళిత కుటుంబాలు దీపావళి రాత్రి సమాధుల దగ్గరే గడుపుతాయి. ముందే శుభ్రం చేసి రంగులేస్తారు, పూలు కడతారు, పోయినవారికి ఇష్టమైనవి వండి పెడతారు, అక్కడే దీపాలూ టపాసులూ వెలిగిస్తారు.

కార్తీకంలో గుళ్ల ధ్వజస్తంభాలకెత్తే ఆకాశదీపం పితరులకు దారి చూపుతుందని నమ్మకం. నవంబర్ 2న క్యాథలిక్కులు సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగిస్తారు.

ఇంట్లో పెద్దలు పోయిన ఏడాది మాత్రం చాలా కుటుంబాల్లో పండుగ లేదు. దీపావళికి పొయ్యి మీద మూకుడు ఎక్కదు. పక్కింటివాళ్లే గిన్నె పట్టుకొస్తారు.

ఎండ దేశంలో ఊలు ఎందుకు?

గోదావరి తీరంలో స్వెటర్ ఎవరికి కావాలి? అల్లిక ఇక్కడికి చలివల్ల రాలేదు, చదువువల్ల వచ్చింది. మిషనరీ బడులు, తర్వాత ప్రభుత్వ బాలికల పాఠశాలలు సూదిపని నేర్పాయి. టైలరింగ్, ఎంబ్రాయిడరీల్లో లోయర్, హయ్యర్ పరీక్షలు పాసైతే బడిలో క్రాఫ్ట్ టీచరమ్మ ఉద్యోగం దొరికేది. వారపత్రికల్లో కుట్లు అల్లికల పేజీ చించి దాచుకున్న తరం అది. మధ్యాహ్నం అన్నాలయ్యాక అరుగు మీద నలుగురూ చేరి, నాలుగు సూదులతో మేజోళ్లు, రెండు సూదులతో పసిపిల్లల చొక్కాలు. మనవడు ఢిల్లీలోనో డెట్రాయిట్‌లోనో పుడితే ఇక చెప్పక్కర్లేదు.

అక్టోబర్ రాగానే హైదరాబాద్, విజయవాడ ఫుట్‌పాత్‌ల మీద టిబెటన్లు లూధియానా స్వెటర్లు పరుస్తారు. ఊలు కొన్న ఖర్చుకే అక్కడ తయారైన స్వెటర్ వస్తుంది. దాంతో అల్లడం అవసరం నుంచి ఇష్టానికి మారింది, ఇష్టం ఉన్నవాళ్లు ముసలివాళ్లయ్యారు. మోకాళ్లు పనిచేయకపోయినా, టీవీ సీరియల్ నచ్చకపోయినా వేళ్లకు పని దొరికేది. ఆఖరి సంవత్సరాల్లో వాళ్ల అల్లికలో తేడా కనిపిస్తుంది. వరస మధ్యలో ఒక కుట్టు జారి ఉంటుంది, అంచు ఒకపక్కకు వాలుతుంది. చూపు తగ్గడం, వేళ్ల కీళ్లు బిగుసుకోవడం డాక్టరు చీటీలోకి రాకముందే ఊలులో ఎక్కుతాయి.

ఇలా ఆగిపోయిన అల్లికలను పూర్తిచేసి పెట్టడానికే అమెరికాలో ఓ సంస్థ ఉంది. పేరు లూజ్ ఎండ్స్. స్నేహితురాలి తల్లి పోయి, ఆవిడ అల్లుతున్న దుప్పట్లు సగంలో ఆగిపోయినప్పుడు జెన్ సిమోనిక్, మేసీ కప్లాన్ అనే ఇద్దరు అల్లికగత్తెలకు ఈ ఆలోచన వచ్చింది. 2022లో మొదలెట్టారు. ఇప్పుడు అనేక దేశాల్లో వేల మంది వలంటీర్లు, తమకు ముఖం తెలియని మనిషి వదిలిన పనిని అందుకుని ముగించి, ఆ ఇంటికి పంపుతున్నారు. పైసా తీసుకోరు.

అందులో ఓ చిక్కుంది. ఏ ఇద్దరి చేతి బిగువూ ఒకటిగా ఉండదు. ఒకరు దారాన్ని గట్టిగా లాగుతారు, ఒకరు వదులుగా వదులుతారు. తల్లి ఆపిన చోట కూతురు అందుకుంటే, అక్కడి నుంచి వెడల్పు వేలి మందం పెరుగుతుంది, లేదా తగ్గుతుంది. సూది నంబరు మార్చి దాన్ని కొంత కప్పిపుచ్చవచ్చు. నన్నడిగితే కప్పకపోవడమే బాగుంటుంది. ఎక్కడ ఒకరి చెయ్యి ఆగిందో తెలియడంలో తప్పేముంది?

బాక్స్: సగంలో ఆగిన అల్లిక దొరికితే

సూదులు లాగేయకండి. రెండు సూదుల అల్లికలో సూది మీదున్న ప్రతి మెలికా విప్పారిపోయేదే. మొద్దు మొన సూదికి వేరే రంగు దారం ఎక్కించి, మెలికలన్నిట్లోంచీ తీసి, చివర్లు ముడేసి అప్పుడు సూది తప్పించండి. క్రోషా అయితే విడిగా ఉండేది ఒకే మెలిక. దానికి పిన్నీసు పెడితే చాలు.

ఊలు ఉండల కాగితం చీటీలు పారేయకండి. రంగు నంబరుతోపాటు అద్దకం లాట్ నంబరు వాటి మీదే ఉంటుంది. లాట్ మారితే నీలం కూడా వేరే నీలమవుతుంది. సూది తలమీది నంబరు రాసిపెట్టుకోండి. అసలైన ఊలైతే పురుగు కొడుతుంది, ఎండలో విదిలించి, ఎండు వేపాకు వేసి దాచండి.

నరసాపురంలో అది కాలక్షేపం కాదు

అల్లితే మనసు తేలికపడుతుందని ఈమధ్య బాగా ప్రచారమవుతోంది. 2013లో బ్రిటన్‌కు చెందిన ఓ వృత్తి చికిత్స పత్రికలో మూడున్నర వేల మందికి పైగా అల్లికదారుల మీద చేసిన సర్వే అచ్చయింది. తరచుగా అల్లేవాళ్లు ఎక్కువ ప్రశాంతంగా ఉంటామని చెప్పారు. అల్లికంటే ఇష్టమున్నవాళ్లే జవాబులిచ్చిన సర్వే అది. కాబట్టి మందుచీటీలా పట్టుకోనక్కర్లేదు. ఈ మాట నరసాపురంలో చెబితే మాత్రం నవ్వుతారు.

స్కాట్లాండ్ నుంచి వచ్చిన మెక్రే దంపతులు పందొమ్మిదో శతాబ్దంలో నరసాపురంలోని పేద క్రైస్తవ స్త్రీలకు క్రోషా లేసు నేర్పారు. తర్వాత అది కాపు ఇళ్లలోకి, చుట్టుపక్కల పల్లెల్లోకి పాకింది. ఏజెంటు దారం ఇస్తాడు. చేతిపని చేసేవాళ్లు పువ్వులు అల్లుతారు, అతుకుపనివాళ్లు వాటిని కలిపి టేబుల్ క్లాతో, దుప్పటో చేస్తారు. సరుకు విదేశాలకెళ్తుంది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఈ ఊళ్లలో తిరిగి రాసిన పుస్తకం 1982లో వచ్చింది. రోజంతా వంగి అల్లినా రూపాయి కూడా గిట్టని రోజులవి. ఇంట్లో కూర్చుని చేస్తున్నారు గనక అది పని కాదు, ఖాళీ సమయంలో చేసుకునేది అని వ్యాపారులు, మగవాళ్లు, చివరికి ఆ ఆడవాళ్లే అనుకోవడం వల్ల కూలి అంత అడుగున ఉండిపోయిందని ఆవిడ వాదన. ఇప్పుడక్కడ లేసు పార్కు ఉంది, ఆ లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చదువుకున్న అమ్మాయిలు మాత్రం క్రోషా సూది పట్టడానికి పెద్దగా మొగ్గడం లేదు.

లేసు అల్లే ఇంట్లో తల్లి పోతే సగం పువ్వు జ్ఞాపకం కాదు, బాకీ. ఏజెంటు ఇచ్చిన దారానికి లెక్క ఉంటుంది. కూతురో కోడలో అందుకుని ముగిస్తుంది, ముగించి ఇచ్చేస్తుంది, తల్లి చేతి పువ్వు ఏ దేశపు బల్ల మీదకో పోతుంది. ట్రంకుపెట్టెలో స్వెటర్ దాచుకోగలగడం కూడా కలిగినవాళ్ల వైభోగమేనన్న సంగతి, ఇలాంటి కథనాలు రాసేవాళ్లం తరచు మరిచిపోతాం.

బాక్స్: దుఃఖం ఎప్పటిదాకా?

మన ఇళ్లలో మాసికాలు పెట్టుకుంటూ వెళ్లి సంవత్సరీకంతో ఒక గీత గీస్తారు. మనోవైద్యులూ ఓ గీత గీశారు. అమెరికా మనోవైద్యుల సంఘం 2022లో తెచ్చిన రోగ నిర్ధారణ గ్రంథం డీఎస్‌ఎం-5-టీఆర్, పెద్దవాళ్లలో ఏడాది దాటాక కూడా రోజువారీ జీవితం నడవనివ్వని దుఃఖాన్ని వైద్యం అవసరమైన స్థితిగా చేర్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఆరు నెలలంటుంది. పందిరి కింద ఏడుపు జబ్బు కాదు. తిండి, నిద్ర, పని అన్నీ నెలల తరబడి ఆగిపోతే మాత్రం టెలి మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు, డబ్బులక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఒంటరిగా మిగిలిన తండ్రికో తల్లికో సాయం కావాలంటే ఎల్డర్‌లైన్ 14567.

న్యూజెర్సీలో పూత

విదేశాల్లో ఉన్న పిల్లలకు ఈ కథ ఇంకో మలుపు తిరుగుతుంది. తెలుగువాళ్లెక్కువగా ఉండే న్యూజెర్సీలో మే నెలలో ఇంటి వెనక కంచెకు చిక్కుడు పెడతారు. ఊరి నుంచి అమ్మ పంపిన గింజలంటే మురిపెం. విత్తనాలకు సస్య ఆరోగ్య ధ్రువపత్రం లేకపోతే విమానాశ్రయంలో తీసేసుకుంటారు, కాబట్టి అవి గడప దాటి రావడమే ఓ గండం. పాదు జూలై, ఆగస్టుల్లో కంచెను మింగేస్తుంది. ఆకే ఆకు. అక్కడ వేసవి పగలు పదిహేను గంటలు. సెప్టెంబర్ ఆఖరుకు గానీ పన్నెండుకు దిగదు. అప్పుడు పాదుకు కార్తీకం వచ్చినట్టనిపించి పూత మొదలెడుతుంది. మేపుల్ ఆకులు ఎర్రబడి రాలుతున్న ఆ అక్టోబర్‌లోనే మొదటి మంచు కురుస్తుంది. పూత నల్లబడిపోతుంది.

డాలస్ వాళ్లది అదృష్టం. మంచు నవంబర్ దాకా ఆగుతుంది, నాలుగు కూరలకు సరిపడా కాయ దిగుతుంది. చలిరాష్ట్రాల్లో పట్టుదల ఉన్నవాళ్లు ఆగస్టులో రోజూ సాయంత్రం ఆరుకే కుండీని చీకటి గదిలోకి మోసి, పొద్దున ఎనిమిదికి బయట పెడతారు. పాదును మోసం చేసి ముందే పూయించడమన్నమాట. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన అర్క జయ్, అర్క విజయ్ పొద చిక్కుళ్లకు పగటి పొడవుతో పనిలేదు, ఎప్పుడు పెట్టినా కాస్తాయి. అవి వేసుకోవచ్చు కదా అంటే, అవి అమ్మవి కావు అంటారు.

గింజ కట్టాలంటే కాయ పాదు మీదే ముదిరి ఎండాలి. మంచు దానికి వ్యవధి ఇవ్వదు. ఊళ్లో అయితే సంక్రాంతి తర్వాత కోత ఆపి, కింది గెలలు ఎండనిచ్చి, మాఘంలో గింజ తీసి బూడిద కలిపి డబ్బాలో పోస్తారు. న్యూజెర్సీ కంచె మీది పాదుకు ఏ ఏటి విత్తనమైనా ఊరి నుంచే రావాలి. అమ్మ పోయాక, పెరడు అమ్మేశాక, ఆ డబ్బా నింపేదెవరన్నది ఆస్తి పంపకాల కాగితాల్లో ఎక్కడా రాసుకోరు.